బరువు తగ్గించే ఆపరేషన్‌కు బీమా ఉంది... ఆ తర్వాతి జీవితానికో?

బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ సాధారణంగా ఒకటి రెండు గంటల్లో పూర్తవుతుంది. రెండు మూడు రోజుల్లో పేషెంట్‌ను ఇంటికి పంపేస్తారు. అసలు చికిత్స మొదలయ్యేది ఆ తర్వాతే, అదీ వంటింట్లో. మన ఆరోగ్య బీమా నిబంధనలు ఆస్పత్రి వరకే వస్తున్నాయి. వంటింటి గడప దగ్గర ఆగిపోతున్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది, పురుషుల్లో దాదాపు 23 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. మహిళల్లో ఇది ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. వీరిలో ఆపరేషన్ అవసరమయ్యేది కొద్దిమందికే. అయినా ఆ కొద్దిమందికీ ఆపరేషన్ తర్వాత ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఒకే నిబంధనావళి, రెండు చూపులు

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో పాలసీల మినహాయింపులను ప్రామాణికం చేసింది. వాటి ప్రకారం, డాక్టర్ సలహా మేరకు, 18 ఏళ్లు నిండినవారికి చేసే ఈ సర్జరీకి షరతులతో బీమా వర్తిస్తుంది. బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 35 దాటితే గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, మందులకు లొంగని టైప్-2 డయాబెటిస్ వంటి సమస్య తోడవ్వాలి. బరువు తగ్గే ఇతర మార్గాలు విఫలమై ఉండాలి.

అదే జాబితాలో మరో మినహాయింపు ఉంది. ఆహార సప్లిమెంట్లు, ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనగలిగే విటమిన్లు, ఖనిజాలకు బీమా వర్తించదు. ఆస్పత్రి చికిత్స క్లెయిమ్‌లో భాగంగా డాక్టర్ రాస్తేనే మినహాయింపు నుంచి సడలింపు. ఆపరేషన్ తర్వాత జీవితాంతం వేసుకోవాల్సినవి సరిగ్గా అవే. డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులకూ పాలసీలు కొన్ని వారాలో కొన్ని నెలలో మాత్రమే గడువిస్తాయి. ఆ తర్వాత భారమంతా పేషెంట్ జేబు మీదే.

కంచం లెక్క మారిపోతుంది

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో పొట్టలో 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. బైపాస్‌లో చిన్న సంచిలా మార్చిన పొట్టను నేరుగా చిన్నపేగులోని దిగువ భాగానికి కలుపుతారు. తినగలిగేది తగ్గడంతో పాటు తిన్నదానిలో పోషకాలు ఒంటికి పట్టడమూ తగ్గుతుంది.

మొదట నీళ్లలాంటి ద్రవాలు, తర్వాత చిక్కటి ద్రవాలు, మెత్తగా చేసిన ఆహారం, చివరికి మామూలు భోజనం. ఇలా మెట్టు మెట్టుగా వెళ్లడానికి నెలా రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాతా ముద్దను బాగా నమలాలి. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. బైపాస్ చేయించుకున్నవారు స్వీట్లు తింటే గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు రావచ్చు. దీన్నే డంపింగ్ సిండ్రోమ్ అంటారు.

తెలుగు ఇళ్లలో అసలు చిక్కు ప్రొటీన్ దగ్గర వస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాములు అవసరం. ఒక కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములు, ఒక ఇడ్లీలో 2 గ్రాములకు అటూ ఇటూ. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయే మనిషి అన్నంతో మొదలుపెడితే పప్పుకు, గుడ్డుకు చోటే ఉండదు. అందుకే కూర, పప్పు, పెరుగు ముందు, అన్నం చివర అన్న క్రమం పాటించాల్సి వస్తుంది. శాకాహారులకు ఇది మరింత కష్టం. చాలామందికి ప్రొటీన్ పౌడర్ తప్పనిసరి ఖర్చవుతుంది.

పెళ్లి భోజనంలో కొసరి కొసరి వడ్డించడమే మర్యాద అనుకునే చోట, రెండు ముద్దలకే చెయ్యి కడుక్కునే మనిషి వంద ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. డైటీషియన్ ఇచ్చిన కాగితం పేషెంట్ చదివితే చాలదు. ఇంట్లో వండేవాళ్లు, వడ్డించేవాళ్లు కూడా చదవాలి.

నిర్లక్ష్యం చేస్తే

బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి లోపాలు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తాయి. బి1 లోపం మాత్రం వారాల్లోనే దెబ్బతీయగలదు. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాంటి స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి విషమించవచ్చు. నీరసమనగానే సెలైన్ పెట్టించుకునే అలవాటున్న ఊళ్లలో, సర్జరీ అయిన సంగతి స్థానిక డాక్టర్‌కు చెప్పడం ప్రాణరక్షణతో సమానం.

ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం దాల్చకూడదని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెళ్లి కోసం బరువు తగ్గాలని సర్జరీకి వచ్చే యువతులకు ఈ మాట ముందే చెప్పాలి. బైపాస్ అయినవారికి మద్యం త్వరగా తలకెక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పూ పెరుగుతుంది. కొన్నేళ్లకు బరువు కొంత తిరిగి రావడమూ అరుదు కాదు. అది పేషెంట్ క్రమశిక్షణ లోపమే కానక్కర్లేదు, స్థూలకాయం దీర్ఘకాలిక వ్యాధి.

ప్యాకేజీ అంటే ఏది?

2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు అర్హత పరిమితిని బీఎంఐ 35కు, షుగర్ వంటి సమస్యలుంటే 30కి తగ్గించాయి. ఆసియా వాసులకు 27.5 నుంచే పరిశీలించవచ్చన్నాయి. మన బీమా నిబంధనలనూ అలా సడలించాలన్న వాదన ఉంది. కానీ తలుపు వెడల్పు చేసే ముందు లోపలి గది సంగతి చూడాలి. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్‌లోకి వచ్చాక ఈ ప్రశ్న ఇంకా పెద్దదైంది. ఆకలి తగ్గి తక్కువ తినేవారికి, మార్గం ఏదైనా, ప్రొటీన్ మీద, పోషకాల మీద కన్ను అవసరమే.

కావాల్సింది పెద్ద పథకమేమీ కాదు. సర్జరీ ప్యాకేజీలోనే కనీసం రెండేళ్ల డైటీషియన్ సలహా, నిర్ణీత రక్త పరీక్షలు చేర్చాలి. ఈ సర్జరీ అయినవారికి డాక్టర్ రాసిన విటమిన్లను సప్లిమెంట్లుగా కాక మందులుగా లెక్కించాలి. ఆపరేషన్‌కు లక్షలు చెల్లించే వ్యవస్థ, దాన్ని నిలబెట్టే మాత్రల దగ్గర చెయ్యి ముడుచుకోవడం పొదుపు కాదు.