కాపర్‌-టీ ఉండగా గర్భం.. కారణం తేల్చేదెవరు?

గోదావరిఖని: గనిలో పైకప్పు కూలితే విచారణ జరుగుతుంది. గనుల భద్రత అధికారులు దిగి లోపమెక్కడుందో పరిశీలిస్తారు. అదే కార్మికుని ఇంట కాపర్‌-టీ వేయించుకున్న ఇల్లాలు గర్భం దాలిస్తే కారణం అడిగేవారుండరు. 'బరువులెత్తావు, జారిపోయింది' అంటూ తప్పును ఆమె మీదికే నెట్టేస్తారు. బరువులెత్తితే కాపర్‌-టీ జారుతుందనడానికి వైద్యపరమైన ఆధారం లేదు.

కు.ని. శస్త్రచికిత్స విఫలమైతే ప్రభుత్వ పథకం కింద పరిహారం కోరవచ్చు. దానికి పత్రాలు, పరిశీలన ఉంటాయి. కాపర్‌-టీ ఆ పథకం పరిధిలోకి రాదు. అందుకే కారణం వెతకవలసిన అగత్యం ఎవరికీ కలగడం లేదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా అమర్చే కాపర్‌-టీ 380ఏ పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. తొలి ఏడాదిలో విఫలమయ్యేది నూటికి ఒకరిలోపే. విఫలమైనప్పుడు గడువు తీరిందేమో చూశాక అనుమానించవలసింది పరికరం ఉన్న స్థానాన్ని. గర్భాశయం పైభాగాన ఉండవలసినది కిందికి జారవచ్చు. బహిష్టు రోజుల్లో తెలియకుండానే బయటకు వచ్చేయవచ్చు. కాన్పు అయిన 48 గంటల్లోపు అమర్చిన వాటిలో ఇలా జరగడం ఎక్కువ. అందుకే ఆరు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. చిక్కంతా అక్కడే. కాన్పు పుట్టింట మంథనిలోనో మంచిర్యాలలోనో జరుగుతుంది, కాపురం ఖనిలో. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలైతే పని ఉన్న చోటికల్లా మారుతుంటాయి. చీటీ ఒక ఊళ్లో, మనిషి ఒక ఊళ్లో.

నెల తప్పితే ముందుగా మూత్ర పరీక్ష, ఆపై స్కానింగ్‌ చేయించాలి. గర్భం నాళంలో ఉందేమో మొదట తేల్చుకోవాలి. కాపర్‌-టీ ఉండగా వచ్చిన గర్భాల్లో ఆ ముప్పు హెచ్చు. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే క్షణం ఆగరాదు. గర్భం వయసును అమర్చిన తేదీతో పోల్చితే, అప్పటికే గర్భం ఉందా అన్నదీ తేలుతుంది. దారం కనిపిస్తే తొలి వారాల్లోనే వైద్యులు పరికరాన్ని తీసివేస్తారు. ఉంచితే గర్భస్రావం, ఇన్‌ఫెక్షన్‌ ప్రమాదం ఎక్కువ. స్కానింగ్‌లో కనిపించనంత మాత్రాన పడిపోయిందనుకోరాదు. గర్భాశయాన్ని చీల్చుకుని కడుపులోకి చేరి ఉండవచ్చు. అది ఎక్స్‌రేలో తెలుస్తుంది. గర్భిణికి మాత్రం కాన్పు అయ్యాకే తీస్తారు.

1965లో దేశమంతటా లూప్‌ను ప్రవేశపెట్టినప్పుడూ లక్ష్యాల వేటలో తరువాతి పరీక్షలను పట్టించుకోలేదు. రక్తస్రావంతో మహిళలు తీయించుకోగా ఆ పథకమే నీరుగారింది. ఇప్పుడు పరికరం మెరుగైంది. అమర్చిన తేదీ, రకం, గడువు రాసిన కార్డు మహిళ చేతిలో ఉంటే చాలు, ఏ ఊరి వైద్యుడైనా లెక్క తేల్చగలడు.

గర్భం వద్దనుకుంటే చట్టం అండగా ఉంది. నిరోధక సాధనం విఫలమైందన్న కారణాన్ని 1971 చట్టం వివాహితలకే వర్తింపజేయగా, 2021 సవరణ ఆ పరిమితిని తొలగించింది. 20 వారాల వరకు ఒక అధీకృత వైద్యుని అభిప్రాయం సరిపోతుంది. మేజరైన మహిళ సమ్మతి చాలు, భర్త సంతకం అవసరం లేదు.