పరపక్షపు నేరము, స్వపక్షపు మరపు

ఆదాయపుపన్ను బాకీ యనునది మన రాజకీయవేత్తల నోట రెండు పేరులతో వ్యవహరింపబడుచున్నది. ఎదుటిపక్షమువాడు బాకీపడినచో నది ప్రజాద్రోహము. తమపక్షమువాడు బాకీపడినచో నది మరపు, కాకున్న గుమాస్తా పొరపాటు, అదియును గాకున్న అధికారుల కక్షసాధింపు. చట్టమొక్కటే, బాకీయు నొక్కటే. మారునది బాకీదారుని కండువా రంగు మాత్రమే. 2024 సార్వత్రిక ఎన్నికలకు ముందు కాంగ్రెసువారి బ్యాంకు ఖాతాల విషయమున రేగిన రభసను, 2025 జూలైలో ఆ తగవుపై ఆదాయపుపన్ను అప్పీలు ట్రిబ్యునలువా రిచ్చిన తీర్పును చూచిన పిమ్మట, ఈ రెండునాల్కల నీతి యెప్పటినుండి యెట్లు పెరిగివచ్చినదో మా చదువరుల యెదుట నుంచుట యవసరమని మాకు తోచినది. మే మే పక్షమువారికిని వకాల్తా పుచ్చుకొనలేదు.

ఈ కథకు మొదటి యధ్యాయము 1970వ సంవత్సరమున జరిగినది. కేంద్రమంత్రియు, ఇందిరాగాంధిగారి కాంగ్రెసునకు అధ్యక్షులునునైన జగజ్జీవనరాముగారు పదియేండ్లుగా ఆదాయపుపన్ను లెక్కలు దాఖలు చేయలేదని బయల్పడెను. పార్లమెంటులో ప్రతిపక్షములవారు గగ్గోలు చేసిరి. ప్రధానిగారు, పనుల తొందరలో మరచియుందురని తమ మంత్రిని వెనుకవేసికొని వచ్చిరి. ఒక యేడు మరచుట మానవసహజమే. పదియేండ్లు వరుసగా మరచుటకు జ్ఞాపకశక్తి లోపింపవలసిన పనిలేదు; అడుగువారు లేకుండిన చాలును. జగజ్జీవనరాముగారు సమర్థులైన పాలకులనుటలో మాకు సందేహములేదు. 1971 యుద్ధకాలమున రక్షణశాఖను నడపినవా రాయనయే. కాని సమర్థతయు పన్నుబాకీయు వేర్వేరు పద్దులు. ఒకదాని జమనుండి రెండవదాని ఖర్చు కొట్టివేయుటకు వీలులేదు.

ఇంతకంటె విచిత్రమైనది ఆరేడేండ్ల తరువాతి సంగతి. 1977 ఫిబ్రవరిలో ఆయన కాంగ్రెసును విడిచి జనతావారితో చేయి కలిపిరి. 1970లో ప్రతిపక్షపు బల్లలపై కూర్చున్న పక్షములే యిపుడాయన కెదురేగి స్వాగతమిచ్చినవి. జనతా ప్రభుత్వమున ఆయన మరల రక్షణమంత్రి యైరి, 1979లో ఉపప్రధానియు నైరి. ఆ పదియేండ్ల లెక్కలు ఆయనకు నాడును పదవి కడ్డు రాలేదు, నేడును రాలేదు. అడ్డువచ్చినది కేవలము ఆయన యే వరుసలో కూర్చుండెనను ప్రశ్నయే.

ఆ జనతా ప్రభుత్వకాలముననే పార్లమెంటువారు ఆదాయపుపన్ను చట్టమునకు 13ఎ యను నొక సెక్షను చేర్చిరి. 1979 ఏప్రిలు 1వ తేదినుండి యది యమలునకు వచ్చెను. దానిచే రాజకీయపక్షములకు వచ్చు విరాళములకును, ఇండ్ల యద్దెలకును, వడ్డీలకును పన్ను లేకపోయెను. బదులుగా వారు చేయవలసినది స్వల్పము: లెక్కలు వ్రాసికొనుట, పెద్ద విరాళమిచ్చినవారి పేరులుంచుకొనుట, ఆడిటు చేయించుట, ఏటేట దాఖలు చేయుట. ఇంత స్వల్పమును పెక్కు పక్షములవారు చేయలేదు. 1996 ఏప్రిలులో కామన్ కాజ్ అను సంస్థవారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సంగతి నెత్తిచూపి, చట్టము నమలుపరుపవలసిన ప్రభుత్వమువారు చేతులు ముడుచుకొని కూర్చుండిరని తీర్పులో వ్రాసెను. ఆ పదునేడేండ్లలో ఢిల్లీలో ప్రభుత్వము లెన్నియో మారినవి. ఒక పక్షము రెండవపక్షమును లంచగొండియని గద్దె దింపెను. రెండవది మొదటిదానిని మతవాదియనియో కులవాదియనియో దింపెను. కాని యెవరును ఎదుటివారిని, మీ లెక్కలేవీ యని గట్టిగా నడుగలేదు. అడిగినచో, మీవేవీ యని ప్రత్యుత్తరము వచ్చునని వారెరుగుదురు.

ఈ రహస్యమైత్రికి ఉత్తరప్రదేశముకంటె మేలైన నిదర్శనము మాకు దొరకలేదు. 1981లో విశ్వనాథ ప్రతాపసింగుగారు ముఖ్యమంత్రిగా నుండగా నచట మంత్రుల జీతభత్యములను గూర్చి యొక చట్టము వచ్చెను. ముఖ్యమంత్రియు మంత్రులును తమ జీతములపై నీయవలసిన ఆదాయపుపన్నును రాష్ట్రపు బొక్కసమే చెల్లించునని యందొక నిబంధన. మంత్రులలో పెక్కురు పేదలు గనుక వారికీ భారము కూడదట. ఈ మాట చెప్పిన వారు మాండా సంస్థానపు రాజావా రగుట యటుంచుడు. ఆయనయే పిమ్మట కేంద్రమున ఆర్థికమంత్రియై, పన్నులెగవేయు కోటీశ్వరులపై దాడులు చేయించి, ఆ కీర్తితోనే 1989లో ప్రధాని యైరి. ఆ దాడులను మేము తప్పుపట్టము, అవి చేయదగినవే. కాని లక్నోలో తాము చేసిన చట్టమాయనకు ఢిల్లీలో జ్ఞాపకము వచ్చెనో లేదో!

తరువాత ఆ రాష్ట్రమున భారతీయ జనతాపార్టీ వచ్చినది, సమాజవాదిపార్టీ వచ్చినది, బహుజన సమాజపార్టీ వచ్చినది, మరల మరల మారి మారి వచ్చినవి. ఒకరు పెట్టిన జిల్లాల పేరులను మరియొకరు తుడిచివేసిరి. ఒకరి పథకముల నింకొకరు మూలబెట్టిరి. ఆ యొక్క నిబంధన మాత్రము ముప్పదియెనిమిదేండ్లు చెక్కుచెదరలేదు. ఆ పేదమంత్రుల నిబంధనచే మేలుపొందిన మాయావతిగారు 2012లో రాజ్యసభ నామినేషనుతో నిచ్చిన ప్రమాణపత్రమున తమ యాస్తి 111 కోట్లకు పైబడినదని వ్రాసిరి. 2019 సెప్టెంబరులో పత్రిక లీ సంగతి బయటపెట్టిన పిమ్మటనే యోగి ఆదిత్యనాథుగారి ప్రభుత్వమువారు, ఇకపై మంత్రులు తమ పన్ను తామే కట్టుకొందురని ప్రకటించిరి. అంతకుముందు రెండేండ్లకు బొక్కసము చెల్లించిన మొత్తము రమారమి 86 లక్షల రూపాయలట. మొత్తము పెద్దది కాకపోవచ్చును. పన్నులు వేయు చేయి తన పన్నును ఇతరుల జేబునుండి తీసిన తీరు పెద్దది. మధ్యప్రదేశములోను 1972 నుండి యిట్టి యేర్పాటే యుండి 2024 జూనులో గాని పోలేదు. అచ్చటను అన్నాళ్లు రెండు పక్షములును మార్చి మార్చి పాలించినవే.

ఇక 2017వ సంవత్సరపు ఫైనాన్సు చట్టమును చూడుడు. తెనాలిలో చిన్న దుకాణము పెట్టుకొనినవాడు పన్ను లెక్క గడువుదాటి యిచ్చినచో పదివేల రూపాయలవరకు రుసుము కట్టవలెనని ఆ చట్టము శాసించెను. రాజకీయపక్షములు రెండువేల రూపాయలకు మించిన విరాళమును రొక్కముగా పుచ్చుకొనరాదనియు, గడువులోపల లెక్కలీయకున్న పన్నుమినహాయింపు పోవుననియు గూడ నదే చట్టము చెప్పెను. ఇంతవరకు సమంజసమే. కాని యెన్నికల బాండ్లను తలుపు తెరచినదియు నదే చట్టము. రెండువేల నోట్లకు మించి చేతికిచ్చిన నేరము. కోటి రూపాయలు బాండుగా నిచ్చిన, ఇచ్చినవాని పేరైనను వ్రాసికొన నక్కరలేదు! 2024 ఫిబ్రవరి 15వ తేదిని సుప్రీంకోర్టు ఆ బాండ్లను రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. తరువాత ఎన్నికల కమిషను ప్రకటించిన లెక్కలలో 2019 ఏప్రిలునుండి భారతీయ జనతాపార్టీకి ఆరువేల కోట్లకు పైగా ముట్టినట్లు తేలినది. 2019 ఎన్నికల ప్రణాళికలో బాండ్లను రద్దుచేయుదుమని వాగ్దానమిచ్చిన కాంగ్రెసువారికి పదునాలుగువందల కోట్లు ముట్టినవి. మన తెలుగు పక్షములును వెనుకబడలేదు. భారత రాష్ట్ర సమితికి పండ్రెండువందల కోట్లకు పైన, వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 337 కోట్లు, తెలుగుదేశమునకు రమారమి 219 కోట్లు. బాండ్లను నిరాకరించి, వానిపై న్యాయస్థానమున వాదించిన మార్క్సిస్టు కమ్యూనిస్టుల ప్రవర్తన యీ సందర్భమున చెప్పదగినది. వారితో మాకితర విషయములలో నెంత భేదమున్నను ఈ మాట దాచుట ధర్మము కాదు.

2018లో జరిగినది మరియు చిత్రము. విదేశీ సంబంధముగల కంపెనీలనుండి విరాళములు పుచ్చుకొని కాంగ్రెసును భారతీయ జనతాపార్టీయు నిరువురును చట్టము నుల్లంఘించిరని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పుచెప్పియుండెను. ఆ చట్టమును వెనుకకు, 1976 ఆగస్టు వరకు, దిద్దు నిబంధన నొకదానిని ప్రభుత్వమువారు 2018 ఫైనాన్సు బిల్లులో చొప్పించిరి. మార్చి 14వ తేదిని లోకసభ యా బిల్లును చర్చలేకయే యంగీకరించెను. మన ఆంధ్రసభ్యులు ప్రత్యేకహోదాకై నినాదములు చేయుచుండిరి. ఇతరు లితర విషయములకై కేకలు వేయుచుండిరి. ఆ కోలాహలమున నలువదిరెండేండ్ల పాపము తుడిచిపెట్టుకొని పోయెను. సభలో నంతటి కలహము నెన్నడు నెరుగమనువారు, ఆనాటి యైకమత్యమునుగూడ గుర్తింతురుగాక.

ఈ పూర్వకథ నెరిగినవారికి 2024 నాటి తగవు సులభముగా బోధపడును. 2018లో నీయవలసిన లెక్కలను కాంగ్రెసువారు డిసెంబరు 31వ తేది గడువుదాటి 2019 ఫిబ్రవరి 2వ తేదిని దాఖలు చేసిరి. రొక్కపు విరాళములును పదునాలుగు లక్షలకు పైగా రెండువేల పరిమితిని మించి యున్నవి. కావున 199 కోట్ల యాదాయమునకు మినహాయింపు పోయెను. ఎన్నికలు ముంగిట నుండగా పన్నుశాఖవారు ఖాతాలను బంధించి 135 కోట్లు రాబట్టుకొనిరి. మా నోరు కట్టివేసిరని కాంగ్రెసువారు మొరపెట్టిరి. చట్టము తన పని తాను చేసినదని పాలకపక్షమువారు బదులిచ్చిరి. మీ విరాళముల పట్టికలలోను పేరులు, విలాసములు లేవు, ఆ లెక్కన మీకును 4,600 కోట్లు విధింపవలెనని కాంగ్రెసువా రెదురు లెక్క చూపిరి. 2025 జూలైలో ట్రిబ్యునలు కాంగ్రెసు అప్పీలును త్రోసివేసెను.

మా యభిప్రాయము దాపరికము లేక చెప్పుదుము. గడువు దాటుట గడువు దాటుటయే. ఏబదియేండ్లకు పైగా దేశము నేలిన పక్షమునకు, తాను చేసిన చట్టముల గడువులు తెలియవనుట చెల్లదు. అదేవిధముగా, అయిదేండ్లక్రిందటి లోపమును సరిగా నెన్నికల ముందే వసూలు చేయుటలో కాకతాళీయము తప్ప మరేమియు లేదని నమ్మగలవారు పసిబాలురు. ఒకరి యాక్షేపణ యెదుటివారి విషయమున నిజము. తమ విషయమున నబద్ధము. ఎన్నికలు ముగియువరకు మిగిలిన బాకీలకై బలవంతము చేయమని 2024 ఏప్రిలులో పన్నుశాఖవారే సుప్రీంకోర్టునకు మాటయిచ్చిరి. ఆ నిగ్రహము ఫిబ్రవరిలో నుండిన నెంత శోభించియుండెడిది!

పన్ను చెల్లింపకుండుట ఆంధ్రులకు తెలియని విద్య కాదు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నుల నొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లువాకిండ్లు విడిచి, రామనగరున పాకలు వేసికొని పదునొకండు నెలలు ఎండకు వానకు నోర్చిరి. పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున భూమిశిస్తు నాపినపుడు సైన్యము వచ్చి గ్రామములలో దిగినది. వారు మరచిపోయితిమని చెప్పలేదు. ఈయము అని పట్టపగలు చెప్పి, జప్తులకు సిద్ధపడి గుమ్మములో నిలువబడిరి. ఆ త్యాగము పేరు చెప్పుకొని నేడు వేదికలెక్కువారు, ఆడిటరు ఆలస్యము చేసెనని చాటునకు బోవుట చూడ మాకు సిగ్గగుచున్నది.

పూర్వము మనలను పాలించిన ఇంగ్లీషువారి దేశమున నీ రోగము లేదని మేమనము. వారిలోను ప్రతిపక్షముననున్న నాటి నోరు పదవిలో మూతపడును. కాని యచ్చట తగవు తీర్చువా డొకడున్నాడు. 2023 జనవరిలో కన్సర్వేటివు పక్షపు అధ్యక్షుడు నదీమ్ జహావిగారి పన్ను వ్యవహారమును సర్ లారీ మాగ్నసుగారు విచారించి, మంత్రుల నియమావళిని తీవ్రముగా మీరిరని వ్రాయగా, ప్రధాని సునాకుగారు ఆయనను తొలగించిరి. కన్సర్వేటివుల పన్నులపై నిప్పులు గ్రక్కిన లేబరు నాయకురాలు ఏంజెలా రేనరుగారు, ఉపప్రధానియైన పిమ్మట, కొన్న యింటిపై ముద్రాసుంకము రమారమి నలువదివేల పౌనులు తక్కువ చెల్లించిరని తేలెను. విచారించినవా రాయనయే. సద్బుద్ధితోనే నడచిరిగాని తగిన సలహా పొందలేదని ఆయన వ్రాయగా, 2025 సెప్టెంబరు 5వ తేదిని ఆమె పదవులు వదలుకొనిరి. రెండు పక్షములకును కొలబద్ద యొక్కటే యగుట మేము గమనింపదగిన విషయము.

ఇచ్చట నట్టి కొలబద్ద లేదు. పక్షముల లెక్కలను పరీక్షించు శాఖ పాలకపక్షపు ఆర్థికమంత్రి చేతిక్రింద నున్నంతకాలము, న్యాయమైన నోటీసును కక్షగా కనబడును. ఈ యొక్క పరీక్షను పాలకుల చేతినుండి తప్పించి, అన్ని పక్షముల లెక్కల నొకే తేదిని చూచి ప్రకటించు స్వతంత్రమండలి నొకదాని నేర్పరుపవలెనని మేము కోరుచున్నాము. మంత్రుల పన్నును బొక్కసమునుండి యింకను చెల్లించు రాష్ట్రములేవైన నున్నచో, ఆయా శాసనసభలలో నా మొత్తములను ప్రకటింపవలెను. దీనికి కొత్త చట్టమక్కరలేదు. ఒక సభ్యుని ప్రశ్న చాలును.

అంతవరకు చదువరులు చేయదగిన పని యొకటి కలదు. 2019 నుండి ప్రతి యభ్యర్థియు తన ప్రమాణపత్రమున అయిదేండ్ల పన్ను లెక్కలలో చూపిన యాదాయమును, ప్రభుత్వమునకును పురపాలకసంఘమునకును చెల్లింపవలసిన బాకీలను వ్రాయవలసియున్నది. ఆ పత్రమును ఎన్నికల యధికారి కార్యాలయపు గోడపై నంటింతురు. పఠనమందిరములవారు తమతమ నియోజకవర్గముల యభ్యర్థు లందరి పత్రములను నకలు వ్రాసి మా కార్యాలయమునకు పంపినయెడల, ఏ పక్షమువారినిగూడ వదలక, ఆదాయము, బాకీ యను రెండు గళ్లతో వచ్చు ఎన్నికలకు ముందు ముద్రింతుము. ఎవరిని మొదట వేయవలెనను తగవు రాకుండ, పేరులను అక్షరక్రమమున వేయుదుము.