1/70 మన రాచర్లలో లేదు. మరి మనకేముంది?

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి, తప్పుంటే చెప్పండి.

మొన్న మన రాచర్ల మండలం తమ్ముడు ఒకడు అడిగాడు. "అన్నా, మాది ఎస్టీ భూమి కదా, 1/70 ఉంది కదా, వేరేవాళ్లు రాయించుకున్నా చెల్లదు కదా?" మనకాడ 1/70 లేదురా అంటే నమ్మలేదు. "అదేంది, శ్రీశైలంలో ఐటీడీఏ ఉంది, మన చెంచు గూడేలు దాని కిందే కదా?" అన్నాడు. డిగ్రీ చదివే పిల్లోడు. తప్పు వాడిది కాదు, మనలో చాలామంది ఇట్టాగే అనుకుంటున్నాం. అందుకే ఇది రాస్తున్నా.

రాజ్యాంగం అనగానే మనకు రిజర్వేషనే గుర్తొస్తుంది. కానీ రాజ్యాంగం చేసే అసలు పని ఇంకోటి ఉంది. ప్రభుత్వం ఏం చేయొచ్చు, ఏ దారిలో చేయాలి, ఎక్కడ ఆగాలి అని అది గట్టు వేసి చెబుతుంది. ఆ గట్టు ఎక్కడుందో తెలియకపోతే మన పొలం మనం కాపాడుకోలేం.

ఐటీడీఏ వేరు, షెడ్యూల్డ్ ప్రాంతం వేరు. ఐటీడీఏ అనేది పథకాలు అమలు చేయడానికి ప్రభుత్వం పెట్టుకున్న సంస్థ. షెడ్యూల్డ్ ప్రాంతం అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రకటించిన ప్రాంతం. ఆంధ్రప్రదేశ్‌లో అది పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనే ఉంది. మార్కాపురం, గిద్దలూరు వైపు ఒక్క ఊరు కూడా అందులో లేదు.

అదే కృష్ణ దాటి అవతలికి పోతే, అమ్రాబాద్ వైపు నల్లమలలో అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు షెడ్యూల్డ్ ప్రాంతమే. అదే అడవి, అదే చెంచులు, అవే ఇంటిపేర్లు. ఏరు దాటితే చట్టం మారిపోతుంది. ఎందుకంటే 1950లో ఉత్తర్వులు ఇచ్చినప్పుడు హైదరాబాద్ రాష్ట్రానికి ఒక జాబితా, మద్రాసు రాష్ట్రానికి ఇంకో జాబితా రాశారు. మద్రాసు జాబితాలో గోదావరి, విశాఖ వైపు పాత ఏజెన్సీ ఎక్కింది. మన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా అయినప్పుడు ఇటొచ్చాయి. కర్నూలు ఆ జాబితాలో లేదు, కాబట్టి మనమూ లేము.

జాబితాలో ఉంటే ఏమొస్తుందో చూద్దాం. ఐదో షెడ్యూల్ 5వ పేరాలో గవర్నర్‌కు రెండు దారులున్నాయి. మొదటిది, పార్లమెంటు గానీ అసెంబ్లీ గానీ చేసిన చట్టం ఆ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో నోటిఫికేషన్ ఇవ్వడం. రెండోది, ఆ ప్రాంతం కోసం సొంతంగా రెగ్యులేషన్ చేయడం. దీనికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. 1/70 అంటే 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను సవరించిన 1970 ఒకటో రెగ్యులేషన్. అది రెండో దారిలో వచ్చింది. కోర్టులో సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు చెల్లుతుందని చెప్పింది.

దాని బలం 1997లో తెలిసింది. విశాఖ జిల్లా అనంతగిరి వైపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ పోరాడింది. ఆ ఏడాది జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెగ్యులేషన్‌లో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదని అంది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఒప్పుకోలేదు, అయినా ఇద్దరి మాటే తీర్పైంది. అంటే భూమి ప్రభుత్వానిదే అయినా దాని చేతికీ కట్టు వేశారు.

ఇప్పుడు రెండో కథ. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. అంతకుముందు 1986లోనూ ఇట్టాంటి జీవో ఉంది. మన భాష తెలిసిన, బడికి రోజూ వచ్చే టీచర్ కావాలన్న కోరికలో తప్పేముంది? కానీ 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గవర్నర్ మొదటి దారిలో ఉన్న చట్టాన్ని మార్చగలడు తప్ప కొత్త చట్టం చేయలేడు అంది. ఆ అధికారం ప్రాథమిక హక్కులకూ, 371డి కింద రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వుకూ పైది కాదంది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదంది.

ఆ రోజు మనలో చాలామంది కోర్టును తిట్టారు. నాకూ బాధేసింది. తీర్పులో గిరిజన టీచర్ల అవసరాన్ని సరిగ్గా తూచలేదని ఇప్పటికీ అనుకుంటున్నా. కానీ ఒకటి ఒప్పుకోవాలి. సమత కేసులో ప్రభుత్వాన్ని ఆపిందీ రాజ్యాంగం వేసిన హద్దే, జీవో 3 కేసులో ఆపిందీ ఆ హద్దే. మనకు అనుకూలమైనప్పుడే హద్దు ఉండాలంటే అది హద్దు కాదు.

నా కోపం ప్రభుత్వాల మీద. 1986 నుంచి 2020 దాకా ముప్పై నాలుగేళ్లు. గట్టి పునాది మీద చట్టం చేయకుండా, మన పిల్లల బతుకుల్ని ఒక జీవో మీద నిలబెట్టారు. ఇప్పుడు ఎవరైనా "అదే జీవో మళ్లీ తెస్తాం" అంటే చప్పట్లు కొట్టకండి. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను ఆ తీర్పు కాపాడింది, కానీ షరతు పెట్టింది. ప్రభుత్వాలు మళ్లీ హద్దు దాటితే 1986 నుంచి జరిగిన నియామకాలకు కూడా రక్షణ ఉండదని అంది. అంటే తొందరపడి ఇచ్చే జీవో మన అక్కల, అన్నల ఉద్యోగాలకే ఎసరు పెట్టొచ్చు. అడగాల్సింది కోర్టు ముందు నిలబడే కోటా, నిలబడే దారిలో.

సరే, ఇదంతా మన్యం గొడవ, రాచర్లకేంటి అంటారా? మనకు ఐదో షెడ్యూల్ గట్టు లేదు గానీ, అసలు గట్టే లేదని కాదు.

అటవీ హక్కుల చట్టం, 2006. ఇది షెడ్యూల్డ్ ప్రాంతానికే పరిమితం కాదు, నల్లమల అంచున మనకూ వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఎస్టీ కుటుంబం గ్రామసభలో క్లెయిమ్ పెట్టొచ్చు. పరిశీలన పూర్తయ్యే దాకా ఖాళీ చేయించకూడదని 4(5) సెక్షన్ చెబుతుంది. కాదంటే కారణం రాతలో అడగండి, 60 రోజుల్లో పై కమిటీకి పోండి.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. మన భూమిని అక్రమంగా ఆక్రమించడం, మనల్ని అందులోంచి వెళ్లగొట్టడం దీని కింద నేరం. రాష్ట్రమంతా ఇదే.

1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. డి-ఫారం పట్టాలకు రక్షణ ఇదే. అయితే ఇది అసెంబ్లీ చేసిన చట్టం, అసెంబ్లీయే సడలించగలదు. 2023లో సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూమిని అమ్ముకునే వీలిచ్చారు. అమ్ముకునే హక్కు వచ్చిందని కొందరు సంతోషించారు. అప్పుల్లో ఉన్నోడికి అది హక్కో, ఉచ్చో మీరే ఆలోచించండి.

వీటన్నిటి పైన ప్రాథమిక హక్కులున్నాయి. వాటిని తీసేసే చట్టం చెల్లదని 13వ అధికరణ చెబుతుంది. ఉల్లంఘిస్తే 226 కింద హైకోర్టు, 32 కింద సుప్రీంకోర్టు తలుపు తట్టొచ్చు. జాతీయ ఎస్టీ కమిషన్ కూడా 338ఎ కింద రాజ్యాంగంలోనే ఉంది.

మరి మన నల్లమల చెంచు గూడేలను షెడ్యూల్డ్ ప్రాంతంగా అడగొచ్చా? అడగొచ్చు. గవర్నర్‌ను సంప్రదించి రాష్ట్రపతి ఆ ప్రాంతాన్ని పెంచే వీలు 6వ పేరాలో ఉంది. నిజం చెప్పాలంటే రాచర్ల మండలం మొత్తం రావడం కష్టం. గిరిజనులు ఎక్కువమంది ఒకచోట గుంపుగా ఉన్నారా అని చూస్తారు. మన సుగాలీలు, ఎరుకలవాళ్లు, యానాదులు ఊరూరా విడిగా ఉన్నారు. అడవిలోని గూడేలకైతే అడిగే న్యాయం ఉంది, ఏరు అవతల ఉన్నది ఇవతల ఎందుకు లేదని అడగాలి. అందరం కలిసి అడిగితేనే వినబడుద్ది.

అందుకే గ్రూపులో ఏ జీవో వచ్చినా, ఏ హామీ వచ్చినా "జై" కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేద్దాం. ఇది ఏ చట్టం కింద ఇచ్చారు? మన మండలానికి వర్తిస్తుందా? రేపు ఎవరు తీసేయగలరు?

ఆ తమ్ముడికీ ఇదే చెప్పా. ముందు ఇంటికెళ్లి నాయనను అడిగి పట్టా బయటికి తీయి. డి-ఫారమా, అటవీ హక్కు పత్రమా, సొంత పట్టానా చూడు. 1/70 అని ధీమాగా కూర్చోకు. ఏ కాగితమో తెలిస్తే ఏ చట్టం పట్టుకోవాలో తెలుస్తుంది. మీ ఇళ్లల్లో కూడా ఈ సెలవుల్లో ఆ పని చేయండి.