లంచానికి జీతం సాకు కాదు

"పాపం, వాళ్లకొచ్చే జీతం ఏ మూలకు సరిపోతుంది?" లంచం ప్రస్తావన వస్తే చాలు, టీ కొట్టు దగ్గరా టీవీ చర్చల్లోనూ ఈ మాట వినిపిస్తుంది. జీతాలు పెంచితే చేయి చాపడం దానంతటదే ఆగుతుందని చాలామంది నమ్మకం. ఈ వాదన వాస్తవాల ముందు నిలవదు. పైగా అదే జీతంతో నిజాయతీగా బతుకుతున్న లక్షల మందిని అవమానిస్తుంది.

2015లో రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రభుత్వ ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్ (వేతన పెంపు) ఇచ్చాయి. ఆ తర్వాత 2021లో తెలంగాణ 30 శాతం, 2022లో ఆంధ్రప్రదేశ్ 23 శాతం ఇచ్చాయి. ధరలు పెరిగినప్పుడు జీతాలు పెరగాల్సిందే, అది ఉద్యోగుల హక్కు. కానీ అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వలలో చిక్కినవారి వార్తలు ఆగలేదు. 2020 ఆగస్టులో హైదరాబాద్ శివారులోని ఒక తహసీల్దారు భూమి వ్యవహారంలో 1.10 కోట్ల రూపాయలు తీసుకున్నారని ఏసీబీ కేసు పెట్టింది. అంత సొమ్ముకూ ఇంటి ఖర్చులకూ ముడిపెట్టడం ఎవరి తరం?

ఘనా అనుభవం ఇంకా సూటిగా చెబుతుంది. అక్కడ 2010లో పోలీసుల జీతాలు దాదాపు రెట్టింపు చేశారు. హైవేల మీద లారీ డ్రైవర్లు ఇచ్చుకునే మామూళ్లను ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూస్తే, అవి తగ్గకపోగా పెరిగాయి.

జీతాల వాదులు చివరికి సింగపూర్‌ను చూపిస్తారు. అక్కడ అవినీతి దర్యాప్తు సంస్థ 1952లోనే ఏర్పడింది. ప్రైవేటు ఉద్యోగులకూ వర్తించే కఠిన చట్టం 1960లో వచ్చింది. మంత్రుల జీతాలను ప్రైవేటు రంగ ఆదాయాలతో ముడిపెట్టింది 1994లో. అంటే ముందు భయం, తర్వాతే భారీ జీతం. అంత జీతం అందుకున్న మాజీ మంత్రి ఈశ్వరన్‌కు కానుకలు స్వీకరించిన కేసులో 2024లో 12 నెలల జైలు పడింది.

మంచి జీతాలిచ్చే ఐటీ రంగం మాత్రం దీనికి అతీతమా? నియామకాల్లో అక్రమాల ఫిర్యాదులపై విచారణ జరిపిన టీసీఎస్ 2023లో 16 మందిని తొలగించి, ఆరు సిబ్బంది సరఫరా సంస్థలను పక్కన పెట్టింది.

మరి లంచం ఎక్కడ పుడుతోంది? భూమి రికార్డులో తండ్రి పేరు తీసి తన పేరు ఎక్కించుకోవడానికి వచ్చిన రైతును చూడండి. మొదటిసారి "సర్వర్ డౌన్" అంటారు. రెండోసారి "సార్ ఫీల్డుకెళ్లారు" అంటారు. మూడోసారి లింకు డాక్యుమెంటు లేదని కొర్రీ వేస్తారు. ఆ కొర్రీని కాగితం మీద రాసివ్వరు. పని ఎన్నాళ్లలో తేలాలో చెప్పరు. ఇంకో ఆఫీసుకు వెళ్లే దారి లేదు. సరిగ్గా అప్పుడే బయట నిలబడ్డ బ్రోకరు "నేను మాట్లాడతాలే" అంటాడు. సంతకం ఒక్కరి చేతిలో ఉండటం, గడువు లేకపోవడం, ఎందుకు ఆపారని అడిగే నాథుడు లేకపోవడం — ఈ మూడూ కలిసినచోట జీతం ఎంతున్నా ఫైలుకు ధర పలుకుతుంది.

కాబట్టి మందు కూడా అక్కడే వేయాలి. మధ్యప్రదేశ్ 2010లో తెచ్చిన సేవల హామీ చట్టం గడువు దాటించిన అధికారికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లను ఊరి జనం ముందు చదివి వినిపించారు. పనికి రానివారి పేర, చనిపోయినవారి పేర రాసిన కూలి డబ్బులు ఆ సభల్లోనే బయటపడ్డాయి. అక్కడ పనిచేసింది పదిమంది ఎదుట జవాబు చెప్పాల్సిన పరిస్థితి.

శిక్ష సంగతీ అంతే. ప్రాసిక్యూషన్‌కు అనుమతిపై మూడు నెలల్లో, అవసరమైతే మరో నెలలో తేల్చాలని అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ చెబుతోంది. బలవంతం మీద లంచం ఇచ్చినవారు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే వారిపై కేసు ఉండదనీ అదే చట్టం చెబుతోంది. ఈ రెండో మాట, ఫిర్యాదు నంబరుతో సహా, ప్రతి ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

వచ్చే వేతన సవరణ (పీఆర్సీ) చర్చల్లో జీతాల పట్టికతో పాటు ప్రతి సేవకూ గడువు, దాటితే జరిమానా, తిరస్కరిస్తే రాతపూర్వక కారణం కూడా బల్ల మీదకు రావాలి. ఈ డిమాండు ఉద్యోగ సంఘాలే ముందు పెట్టాలి. కొద్దిమంది చేసే వసూళ్లకు మొత్తం సిబ్బంది మాట పడుతున్నారు గనుక, దీనివల్ల అందరికన్నా ఎక్కువ మేలు పొందేది వారిలోని నిజాయతీపరులే.