అక్షరం అంటే ఎవరి లెక్క?

ఒక్క అక్షరం కూడా రెండోసారి రాని పదాన్ని ఇంగ్లిష్‌లో ఐసోగ్రామ్ అంటారు. 'అన్‌కాపీరైటబుల్' అలాంటిదే. వేలిముద్రల గీతల్ని పరిశీలించే శాస్త్రం పేరు 'డెర్మటోగ్లిఫిక్స్' కూడా అంతే. రెండిటి స్పెల్లింగ్‌లోనూ 15 అక్షరాలు, ఏదీ రిపీట్ కాదు. ఇలాంటి పదాల్ని పట్టే ప్రోగ్రామ్ రెండు లైన్ల పని.

అదే ప్రోగ్రామ్‌కి మా పాతబస్తీ పేర్లు ఇచ్చి చూడండి. గౌలిపురాకి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 9 అక్షరాలు, అన్నీ వేరు. తెలుగులో రాసినా పాసే. తిరకాసంతా చార్మినార్ దగ్గరే. ఇంగ్లిష్‌లో 'ఎ', 'ఆర్' రెండేసిసార్లు వస్తాయి, ఫెయిల్. తెలుగులో చా, ర్మి, నా, ర్ నాలుగూ వేరు కాబట్టి పాస్ అవ్వాలి. కానీ పైథాన్‌కి కనిపించేవి నాలుగు కాదు, 10. యూనికోడ్‌లో దీర్ఘానికి ఒక కోడ్, పొల్లుకి ఒక కోడ్. అవి రెండూ, 'ర' కూడా రెండేసిసార్లు ఉన్నాయి. మళ్లీ ఫెయిల్!

"ఆటే కదా, వదిలేయ్" అనొచ్చు. కానీ ఇదే లెక్కతో పేరుని 5 దగ్గర కత్తిరిస్తే 'చార్మ' మిగులుతుంది. 'ర్మి'కి గుడి ఊడిపోతుంది. ఒక ఫారంలో మీ పేరుకి ఇదే జరిగితే ఆట అనగలరా?

తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా లెక్కపెట్టే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. ప్రమాణమే మారింది, మన ల్యాబ్ ప్రోగ్రాములు మాత్రం ఇంకా 26 అక్షరాల దగ్గరే ఉన్నాయి. గుణింతం, ఒత్తు కలిస్తేనే మనకి అక్షరం. ఆ సంగతి కోడ్‌లో రాయాల్సింది తెలుగు వచ్చిన మనమే. ఈసారి టెస్ట్ కేసుగా మీ ఊరి పేరు తెలుగులో ఇవ్వండి.