చిగుళ్ళ నుంచి రక్తం: ఎవరి నిర్లక్ష్యం?

స్త్రీల ఆరోగ్యం అనగానే మనకి గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ, రక్తహీనత గుర్తుకొస్తాయి. ఇవన్నీ ముఖ్యమే. వీటిని నలుగురిలో చర్చకి పెట్టడానికే స్త్రీల ఉద్యమం ఎంతో పోరాడవలసి వచ్చింది. అయితే ఈ జాబితాలో ఇప్పటికీ నోటికి చోటు లేదు. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందని చెప్పే ఆడవాళ్ళు మన చుట్టూ ఎందరో ఉన్నారు. దాన్ని జబ్బని ఇంట్లోవాళ్ళు అనుకోరు, ఆమే అనుకోదు. నలభై ఏళ్ళకే పళ్ళు కదిలి ఊడిపోతుంటే ‘నలుగుర్ని కన్నది కదా’ అని సరిపెట్టుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో ఉన్నవాళ్ళు ప్రపంచంలో వంద కోట్లకు పైనే. ఇంతమందికి వచ్చే జబ్బుని మనుషుల అశుభ్రత కింద జమకట్టడం మాత్రం చాలా సులభం. ‘సరిగ్గా తోముకోదు’ అన్న ఒక్క మాటతో బాధ్యతంతా రోగి మీదకి పోతుంది. ఆ రోగి పేద స్త్రీ అయితే ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

అసలు జరిగేదేమిటో చూద్దాం. పంటి మీద, చిగురు అంచున సూక్ష్మజీవులతో కూడిన మెత్తటి పాచి రోజూ పేరుకుంటుంది. దాన్ని తీసెయ్యకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్‌కి రాదు. చిగురు వాచి, తాకితే రక్తం వస్తుంది. ఈ దశలో శ్రద్ధ తీసుకుంటే చిగురు మళ్ళీ మామూలవుతుంది. ఈ దశ దాటితే పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక పూర్తిగా తిరిగి రాదు. ఇదంతా చాలావరకు నొప్పి లేకుండానే జరిగిపోతుంది. నొప్పి లేని జబ్బు కోసం కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళగలిగే స్త్రీలు ఎంతమంది? నొప్పి వచ్చాక కూడా తేడా ఉంటుంది. మగవాడికి పంటినొప్పి వస్తే ఆర్ఎంపీ దగ్గరకి పరిగెత్తే ఇంట్లోనే ఆడదానికి లవంగం ముక్క సరిపోతుంది.

కాన్పుకో పన్ను పోవడం సహజమన్న నమ్మకాన్ని కూడా పరిశీలించాలి. కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోని కాల్షియాన్ని లాక్కోదు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పుల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాస్తాయి. వాంతుల వల్ల నోట్లో బ్రష్ పెట్టుకోవడమే కష్టమవుతుంది. రక్తం చూసి భయపడి ఆ వైపు తోమడం మానేస్తారు. దాంతో పాచి ఇంకా పెరుగుతుంది. కాన్పయ్యాక పథ్యాల గొడవే గాని బాలింత నోటి సంగతి ఎవరికీ పట్టదు. ప్రకృతి పేరుతో చెలామణి అవుతున్నది నిజానికి నిర్లక్ష్యం. గర్భిణికి బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రక్తం పరీక్షిస్తారు. ‘నోరు తెరువమ్మా’ అని అడిగేవాళ్ళు అరుదు. వైద్య వ్యవస్థకి స్త్రీ శరీరంలో గర్భసంచి ఒక్కటే కనిపిస్తుందన్న మన పాత విమర్శకి ఇదొక రుజువు. పళ్ళకి గార తీయించుకోవడం గర్భిణులకి ప్రమాదం కాదు. నాలుగు నుంచి ఆరో నెల దాకా అందుకు అనువైన సమయం.

నొప్పికి వైద్యం అందనిచోట పొగాకే మందవుతుంది. ఆకలిని, అలసటని, పంటి బాధని కాసేపు మరిపిస్తుంది కనక కష్టజీవులైన స్త్రీలకి అది అలవాటవుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట వెలుగుతున్న కొసని నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఎక్కువగా స్త్రీల అలవాటు. అంగుడి క్యాన్సర్‌కి దారితీసేది అదే. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. పొగతాగేవాళ్ళలో చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. రక్తం ఆగింది కనక నయమైందనుకుంటారు. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఇంటి దగ్గర పొగాకు కాల్చి చేసుకునే పొడికి ఆ నిషేధం ఏం అడ్డు?

మరి డబ్బు లేనప్పుడు ఏం చెయ్యగలం? చెయ్యగలిగింది చాలానే ఉంది. ఇటుకపొడి, బొగ్గుపొడి పళ్ళని అరగదీస్తాయి, చిగుళ్ళని గీరతాయి. వాటిని మానాలి. మెత్తటి బ్రష్‌తో పన్ను, చిగురు కలిసేచోట నెమ్మదిగా రెండు నిమిషాలు తోమాలి. రోజుకి రెండుసార్లు తోమాలి, రాత్రిపూట అసలు మానకూడదు. ఫ్లోరైడ్ ఉన్న మామూలు చవక పేస్టు చాలు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. వేపపుల్ల వాడేవాళ్ళు కొసని బాగా నమిలి మెత్తగా చేసుకోవాలి, పళ్ళ లోపలివైపు కూడా తోమాలి. రక్తం వచ్చేచోట తోమడం ఆపకూడదు. సరిగ్గా తోమితే తొలిదశలో వచ్చే రక్తం ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. గాజులకున్న పిన్నీసుతో పళ్ళసందులు కెలకొద్దు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే వాపు ఉపశమిస్తుంది గాని గార పోదు. చీము, కదిలే పన్ను, జ్వరంతో వాపు, రెండు వారాలైనా మానని పుండు ఉంటే ఇంటి వైద్యంతో ఆగకూడదు. చక్కెర వ్యాధి చిగుళ్ళని పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు చక్కెరని అదుపు తప్పిస్తాయి. కనక చక్కెర పరీక్ష కూడా చేయించుకోవాలి. పన్ను పీకిస్తే చూపు పోతుందనీ, గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనీ అనేవి అపోహలు. గార పోయాక కనబడే సందులు అంతకుముందే గార కింద ఉన్నవి.

ఈ జాగ్రత్తలన్నీ చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇంటి జాగ్రత్తకి సమయం, నీళ్ళు, మూడు నాలుగు నెలలకొక కొత్త బ్రష్ కావాలి. అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత తిని, అంట్లు తోమి పడుకునే మనిషికి రాత్రి రెండు నిమిషాలు కూడా మిగలవు. బ్రష్‌లు కొనేటప్పుడు ఆమె వంతు ఆఖరున వస్తుంది. ‘జాగ్రత్తగా ఉండు’ అనే సలహా ఆమె చాకిరీకి ఇంకో పని కలిపి ఊరుకుంటుంది.

ఒకసారి గార కట్టాక ఏ జాగ్రత్తా చాలదు, వైద్యుల చెయ్యి పడాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేర్చి చేసే పెద్ద చికిత్సల కోసం రూపొందింది. నోటి క్యాన్సర్ దాకా వస్తే డబ్బు దొరుకుతుంది, చిగురు వాచినప్పుడు దొరకదు. 2014-15లో కేంద్రం జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినా మండల కేంద్రంలోని పేదరాలికి అందింది కొద్దే. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో తక్కువ ఖర్చుతో వైద్యం ఉంది. దూరంగా ఉన్నవాళ్ళకి ఛార్జీలు, పోయిన కూలి కలిపితే అది తక్కువ ఖర్చు కాదు. మరోవైపు దేశంలో 300కు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి, వాటిలో ఎక్కువ ప్రైవేటువి. వాటి నుంచి బయటికొచ్చే అమ్మాయిలు ఎందరో పట్టణాల క్లినిక్కుల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తున్నారు. చదువుకున్న చేతులున్నాయి, వైద్యం కావలసిన నోళ్ళున్నాయి. ఈ రెంటినీ కలపడం ప్రభుత్వం పని.

కనక మనం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యులు, గార తీసే పరికరం ఉండాలి. గర్భిణుల పరీక్షల్లో నోటి పరీక్ష తప్పనిసరి కావాలి. ఆశా కార్యకర్తలకి చిగుళ్ళ జబ్బు గుర్తుపట్టే శిక్షణతోపాటు ఆ పనికి అదనపు వేతనం ఇవ్వాలి. పొదుపు సంఘాల సమావేశాల్లో రక్తహీనత గురించి మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకోవాలి. చిగుళ్ళ నుంచి రక్తం రావడం ఆడవాళ్ళ తలరాత కాదని ముందుగా మనకి మనం చెప్పుకుంటే, ఆసుపత్రిలో అడగడానికి గొంతు వస్తుంది.