వైడ్ యాంగిల్‌తో షార్ప్ ఫోటోలు – తప్పు లెన్సుదేనా?

నా దోస్తుల్లో ఎవరు కొత్తగా వైడ్ యాంగిల్ లెన్సు కొన్నా నెల తిరక్కుండానే ఒకటే ఫిర్యాదు. "ఫోటోలు షార్ప్‌గా రావట్లేదురా, ఇంకా ఖరీదైంది కొనాలేమో" అని. దానికి దొరికే సలహా కూడా ఎప్పుడూ ఒకటే. ట్రైపాడ్ వేయి, అపర్చర్ ఎఫ్/22కి తిప్పు, ఫోకస్ దూరంగా కొండల మీద పెట్టు. నన్నడిగితే ఈ మూడూ మన ఊళ్ళలో చాలావరకు పనికిరావు. మనం తీసేది కొండల్నీ సరస్సుల్నీ కాదు, రెండు మూడు మీటర్ల దూరంలో పని చేసుకుంటున్న మనుషుల్ని.

ఎందుకో చెప్తాను. మాది జగిత్యాల కాబట్టి ఉదాహరణలు కూడా మా వైపువే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా మూడూ కరీంనగర్ జిల్లాలోవే.

మొదట జగిత్యాల కోట. 1747 నాటిది, నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. బురుజు మీద నిలబడి కాళ్ళ దగ్గరి రాయి నుంచి అవతలి గోడ దాకా అంతా షార్ప్‌గా రావాలంటే ఏం చేయాలి? కెమెరాతో వచ్చే మామూలు 18-55 లెన్సు 18 మి.మీ. దగ్గర, ఎఫ్/8 పెట్టి, రెండు మీటర్ల దూరంలో ఉన్న రాయి మీద ఫోకస్ చేయండి. దాదాపు ఒక మీటరు నుంచి కనుచూపు మేర దాకా షార్ప్‌గానే వస్తుంది. పెద్ద ప్రింటు వేయాలనుకుంటే ఎఫ్/11. అంతకు మించి అవసరం లేదు. ఏకంగా అవతలి గోడ మీదే ఫోకస్ చేస్తే మాత్రం ముందున్న రాయి పోతుంది.

మరి ఎఫ్/22 ఎందుకు వద్దు అంటే, రంధ్రం చిన్నదయ్యేకొద్దీ వెలుతురు దాని అంచుల దగ్గర చెదిరిపోతుంది. 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఎఫ్/8 దగ్గర ఒక చుక్క మూడు పిక్సెళ్ళ లోపే పడుతుంది. ఎఫ్/22 దగ్గర అదే చుక్క ఏడు పిక్సెళ్ళ మేర పాకుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఈ లెక్క మారదు. ఇది భౌతికశాస్త్రం, కంపెనీల చేతుల్లో లేదు :)

ఇక కోరుట్ల. బీడీలు చుట్టే ఇళ్ళు చాలా ఉన్న ఊరు. అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని ఐదారుగురు అమ్మలక్కలు వరసగా కూర్చుంటారు. సందు ఇరుకు, వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకే వైడ్ లెన్సు. ఫోటో చూస్తే మధ్యలో ఉన్నామె బాగానే ఉంటుంది, చివర ఉన్నామె ముఖం మాత్రం సాగిపోయి, మెత్తబడి ఉంటుంది. ఇందులో మెత్తదనం కొంత లెన్సుదే, అది ఎఫ్/8 దగ్గర చాలావరకు తగ్గుతుంది. సాగడం మాత్రం లెన్సు లోపం కాదు, గీతల్ని నిటారుగా చూపించినందుకు మనం కట్టే వెల. 18 మి.మీ. దగ్గర అంచున ఉన్న తల ఐదోవంతు సాగుతుంది. 10 మి.మీ. దగ్గర సగానికి పైగా! కాబట్టి మనుషుల్ని అంచుల్లో పెట్టకండి. అక్కడ గోడో, తలుపో, చాటలోని ఆకో ఉంటే ఎవరికీ బాధ లేదు. ఫోన్లలో ఉండే అల్ట్రావైడ్ కెమెరాకి కూడా ఇదే మాట.

అసలు పరీక్ష సిరిసిల్లలో. అక్కడ మరమగ్గాల్ని సాంచాలు అంటారు. కార్ఖానాలో వరసగా సాంచాలు నడుస్తుంటే చెవులే కాదు, నేల కూడా అదురుతుంది. ఆ నేల మీద ట్రైపాడ్ వేస్తే ఆ అదురు నేరుగా కెమెరాకి ఎక్కుతుంది. దానికంటే చేతుల్లో పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి తీయడమే మేలు. ట్యూబులైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి కాబట్టి షట్టర్ 1/100 దగ్గర పెడితే వెలుతురు అన్ని ఫోటోల్లో ఒకేలా ఉంటుంది. నిలబడి చూస్తున్న మనిషి ముఖానికి ఆ వేగం చాలు. అటూ ఇటూ కొట్టుకునే నాడె ఆగదు, ఆగనక్కర్లేదు కూడా. ఐఎస్ఓ 3200 అయినా పెంచండి. గరుకుగా వచ్చిన ముఖాన్ని గుర్తుపట్టొచ్చు, కదిలిపోయిన ముఖాన్ని గుర్తుపట్టలేం. లోపల లెన్సు మాత్రం మార్చొద్దు, గాలి నిండా నూగే.

ఇంత లెక్క ఎందుకంటే, సిరిసిల్లకి కెమెరాలు కొత్త కాదు. 2000ల్లో నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలకి వచ్చాయి, 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లకి వచ్చాయి. చాలా ఫోటోలు ఒకే రకం. గుమ్మంలో నిలబడి వైడ్ లెన్సుతో తీసినవి. సాంచాల వరస అద్దంలా ఉంటుంది, మనిషి ఏ మూలో మసకగా ఉంటాడు. అలాంటి ఒక ఫోటో చూసి ఒక పెద్దాయన నాతో అన్నాడు, "సాంచె మంచిగచ్చింది బిడ్డా, నేనేడున్న?" అని. ముప్ఫై ఏళ్ళుగా సాంచాలు నడుపుతున్న మనిషి ఆయన. ఆ ప్రశ్నకి ఎఫ్/8 ఒక్కటే జవాబు కాదు కదా.

వైడ్ లెన్సు అన్నిటినీ ఫ్రేములోకి తెస్తుంది, అందుకే ఏది ముఖ్యమో మనం తేల్చుకోం. నా అభిప్రాయంలో ఫోటో మెత్తగా రావడానికి పెద్ద కారణం అదే. ముందు ఎవరి కళ్ళు షార్ప్‌గా ఉండాలో తేల్చుకోండి. వాళ్ళని అడిగి, మీటరు దూరానికి వెళ్ళండి. ఫోకస్ బిందువు ఆ కంటి మీద పెట్టండి. మనిషిని మధ్యకి దగ్గరగా ఉంచండి. వెనక ఉన్న సాంచాలు కొంచెం మెత్తబడితే పడనీయండి.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం ఉంటే ఒక చదునైన ఇటుక గోడకి ఎదురుగా నిలబడి ఎఫ్/8లో తీసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ ఒకేలా ఉంటే లెన్సు బాగానే ఉన్నట్టు. ఒక్క మూలే మెత్తగా ఉంటే, మళ్ళీ మళ్ళీ తీసినా అదే మూలైతే, అప్పుడు సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళండి.

అంతేగానీ ముందే పాతికవేలు పెట్టి ఇంకో లెన్సు కొనకండి. అందులో కొంత పెట్టి, తీసిన ఫోటోలు ప్రింటు వేయించి వాళ్ళకి ఇచ్చిరండి. అందులో తను ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సిన పని లేకుండా ఉంటే, ఆ ఫోటో షార్ప్‌గా వచ్చినట్టే.